మొదటి ప్లేటు గిన్నెలు కడిగేవారికే

మా మాస్టర్ పోయారు. పొద్దున సిరిసిల్లలో, నేను వంట చేసే హోటల్లో బిర్యానీ బియ్యం కడుగుతుంటే కోరుట్ల నుంచి ఆయన భార్య ఫోన్ చేసింది. "మీ మాస్టర్ ఇగ లేడు బిడ్డా" అంది.

దుబాయిలో ఏళ్ల తరబడి వండి వచ్చి, కోరుట్ల బస్టాండు పక్క హోటల్లో ఆయన వంట మాస్టర్‌గా చేరారు. బీడీలు చుట్టే పని మానుకున్న నేను అక్కడ గిన్నెలు కడిగేదాన్ని. బిర్యానీ వండే పెద్ద గిన్నె, గంజు మూత తీయగానే ఆయన మొదటి ప్లేటు ఓనరుకు కాదు, నాకు పెట్టేవారు.

"ఎవలేం ఇడిసిపెట్టిండ్రో గిన్నెలు కడిగెటోళ్లకే ఎరుక. చెప్పు, ఏం తక్కువైంది?"

"మంచిగుంది మాస్టర్" అంటే కోపం. "మంచిగుంటె ప్లేట్లల్ల ఎందుకు ఇడిసిండ్రు?"

ఒకరోజు ధైర్యం చేసి, ఉల్లిగడ్డ మాడి చేదొస్తోందన్నాను. రుచి చూసి నవ్వేశారు. "నీ నోరు సల్లగుండ! రేపటి సంది గరిటె పట్టు."

ఓనరు ఒప్పుకోలేదు. "ఆడిమనిషి గంజు కాడ నిలవడుతదా?"

"నేర్పరు, మళ్ల పనోళ్లు దొరుకుతలేరంటరు. గామె నిలవడకుంటె నేనూ నిలవడ" అన్నారు మాస్టర్. నా వల్ల ఆయన పని పోతుందేమోనని భయపడ్డాను.

అంత పట్టుబట్టి నిలబెడితే నేను చేసిందేమిటి? ఎసరు నోటికి సరిపోయిందని ఉప్పు ఆపేశాను. అన్నం చప్పబడింది. ఓనరు మొహం చిట్లించగానే మాస్టర్ "ఉప్పు నేనే మర్సిన" అనేశారు. తర్వాత నా పక్కకొచ్చి, "ఎసరు ఉప్పగ తగలాలె బిడ్డా. సగం ఉప్పు గంజితోనే పోతది" అన్నారు. ఆయన దగ్గర నేర్చుకున్నవాళ్లు ఇవాళ జగిత్యాలలో ఉన్నారు, దుబాయిలో ఉన్నారు. ఆ అబద్ధం మాత్రం నాకొక్కదానికే దక్కింది.

ఇవాళ ఏడుస్తూనే వండాను. మొదటి ప్లేటు మా దగ్గర గిన్నెలు కడిగే ఆమెకిచ్చాను. రెండు ముద్దలు తిని ప్లేటు పక్కన పెట్టి, నా కళ్లలోకి చూసి "మంచిగుందక్కా" అంది.

"మంచిగుంటె ఎందుకు ఇడిసినవ్?"

"ఉప్పు లేదక్కా" అంది, తల వంచుకుని.

గరిటె ఆమె చేతికిచ్చాను. "రెండో గంజు నువ్వెయ్యి. నేను పోయి మాస్టర్‌ను చూసొస్త."

గుమ్మం దగ్గర చెప్పులేసుకుంటూ వెనక్కి చూశాను. ఆమె ఎసరు రుచి చూసి, కాసేపు ఆగి, ఇంకో పిడికెడు ఉప్పు వేస్తోంది.