కాగితపూల చెట్టుకు సెకండ్ షిఫ్టు

గోదావరిఖనిలో ఈ క్వార్టర్‌కు వచ్చి ఏడాదైంది. గేటు పక్కనున్న కాగితపూల చెట్టుకు రోజూ సాయంత్రం నల్లా రాగానే రెండు బకెట్ల నీళ్లు పోస్తున్నాను. ఆకుల మీది బొగ్గు దుమ్ము కూడా కడుగుతున్నాను. గోడ దాటి పెరిగింది గానీ ఒక్క పువ్వు లేదు. ఈ ఆదివారం కొట్టించేద్దామనుకున్నాను.

ఇవాళ బకెట్ పట్టుకుని నిలబడి ఉండగా, మాకు ముందు ఈ ఇంట్లో ఉండి రిటైరైన కాక వచ్చాడు. పాత ఇరుగుపొరుగును చూసిపోదామని వచ్చాడట. చెట్టును కింది నుంచి పైదాకా చూశాడు.

"మస్తు పెంచినవ్ బిడ్డా. నా చేతిల ఎండుకుంటనే బతికింది పాపం. ఫస్టు షిఫ్టు వారమైతేనే పొద్దుమీకి నీళ్లు పోసేటోణ్ణి. సెకండ్ షిఫ్టైతే అప్పుడు బొగ్గుబాయి మీదుండేది, నైట్ షిఫ్టైతే పండుకునేది. ఆ రెండు వారాలు దానికి ఉపాసమే."

"మరి పూసేదా కాకా?"

"పూలకేంది బిడ్డా, పూసిందంటే ఆకు కనపడకపోయేది!"

బకెట్ కింద పెట్టేశాను. చెట్టును సరిగా చూసుకోలేదన్న బాధతోనే ఆయన వెళ్లిపోయాడు. ఆ ఉపవాసమే దానికి పువ్విచ్చిందని చెప్పడానికి నాకు నోరు రాలేదు. చెబితే, ఏడాదిగా దాన్ని పూయనివ్వనిది నా ప్రేమేనని ఒప్పుకోవాలి కదా.

మీ ఇళ్లలోనూ ఇలా ప్రేమ ఎక్కువై పూయనివి ఉంటే చెప్పండి. మా చెట్టు మాత్రం నేటి నుంచి సెకండ్ షిఫ్టులో ఉంది. మొదటి పువ్వు పూసిన రోజు కాకను చాయ్‌కి పిలిచి, నిజం చెబుతాను.