షంషాద్ అడిగిన మాట

ఒమాన్‌లో, మత్రా సూక్ అనే బజారు వెనక సందులో షంషాద్ ఇరవై రెండేళ్ళుగా ఆడవాళ్ళు పైన తొడుక్కునే అబాయాలు కుడుతోంది. కడప నుంచి వచ్చిన కొత్తలో ఆమెకు అరబ్బీ ముక్క రాదు. కొలతలు తీస్తూ, బేరాలాడుతూ, ఒమానీ ఆడవాళ్ళ ఇంటి కబుర్లు వింటూ నేర్చుకుంది. ఇప్పుడు ఆ భాషలో వాళ్ళను కడుపుబ్బ నవ్విస్తుంది కూడా.

ఆమె దగ్గర బట్టలు కుట్టించుకునే గాలియా మానవ హక్కుల కమిషన్‌లో అధికారిణి. కూలీలుండే క్యాంపులు చూసి, వాళ్ళ ఇబ్బందులు ప్రభుత్వానికి రాయడం గాలియా పని.

"తెలుగువాళ్ళ క్యాంపుకి వెళ్తున్నాం. వాళ్ళ మాట మాకు చెప్పేవాళ్ళు లేరు. వస్తావా షంషాద్?" అని అడిగిందొకరోజు. షంషాద్ మిషన్ మీద గుడ్డ కప్పి వెంటనే బయలుదేరింది.

క్యాంపులో నలభై మంది చాపల మీద కూర్చున్నారు. పక్కనే కంపెనీ సూపర్‌వైజర్ చేతులు కట్టుకుని నిలబడ్డాడు. ఫిర్యాదులేమైనా ఉన్నాయా అని గాలియా అడిగింది. షంషాద్ అదే తెలుగులో చెప్పింది.

"ఏం లెవ్వమ్మా. అంత మంచిగనే ఉన్నది," అన్నాడు లచ్చన్న. జగిత్యాల వైపు నుంచి వచ్చిన తాపీమేస్త్రీ అతను. మిగతావాళ్ళూ తలలూపారు.

ఫిర్యాదు అన్న మాటకే వాళ్ళు బిగుసుకుపోయారని షంషాద్‌కు తెలిసిపోయింది. గాలియా చెవిలో ఏదో ఊదింది. గాలియా చిన్నగా నవ్వి, వంటగది చూపించమని సూపర్‌వైజర్‌ను తన మనుషుల వెంట పంపేసింది. షంషాద్ వచ్చి చాప మీద చతికిలబడి, తాపీమేస్త్రీ పేరు అడిగి తెలుసుకుంది.

"ఏం లచ్చన్నా, రేపు ఇంటికి పోవాలంటే పాస్‌పోర్ట్ యాడుండాదప్పా?"

"కంపెనీ లాకర్ల. దాని మొకం జూడక ఆరేండ్లాయె. మనుమరాలు పుట్టింది, పోతనంటే సైట్ పని అయినంక అంటరు."

"నాది గూడ ఆడనే!" అంటూ వెనక నుంచి అంజి అనే కూలీ లేచాడు. ఇక ఒకరి మాట ఒకరు అందుకున్నారు. షంషాద్ చెప్తూ పోయింది, గాలియా రాస్తూ పోయింది.

"ఇవన్ని రాస్తె మమ్ముల ఎల్లగొట్టరు గద?" అన్నాడు లచ్చన్న.

గాలియా జవాబును షంషాద్ తన మాటల్లో చెప్పింది: "మీ పేర్లు యాడా రానీరంట. పాస్‌పోర్ట్ మీదే. దాన్ని దాచిపెట్టే హక్కు కంపెనీకి లేదంట."

కమిషన్ కార్మిక శాఖకు రాసింది. శాఖ కంపెనీవాళ్ళను పిలిపించి నిలదీసింది. మూడో వారం అదే క్యాంపులో బల్ల మీద పాస్‌పోర్టులు గుట్టగా ఉన్నాయి. తనిఖీకి వచ్చిన గాలియా ఒక్కొక్కటే తీసి పేర్లు చదివింది. అరబ్బీలో 'చ' లేదాయె.

"లష్షన్నా!"

క్యాంపంతా గొల్లుమంది. లచ్చన్న పాస్‌పోర్ట్ గుండెకు హత్తుకుని, ఫోన్‌లో భార్య యాదవ్వను పిలిచి, "ఇను, ఇను," అంటూ ఫోన్ గాలియా ముందుకు చాపాడు.

"మల్లొక్కసారి పిలువుండ్రి మేడం!"

గాలియా ఊపిరి బిగబట్టి మళ్ళీ ప్రయత్నించింది. మళ్ళీ 'లష్షన్నే' అయింది. షంషాద్ నవ్వాపుకోలేక దుపట్టాతో కళ్ళు ఒత్తుకుంది.