ఖాజాగూడ ఎల్లయ్య పెట్టిన షరతు

మాదాపూర్, గచ్చిబౌలి వైపు ఆఫీసుల్లో పనిచేసే పిల్లలు ఈమధ్య నన్ను తరచుగా అడుగుతున్నారు, "ఆదివారాలు ఏదైనా సేవ చేయాలనుందండీ, ఎలా మొదలుపెట్టాలి?" అని. వాళ్లకు సలహా చెప్పేకంటే నేను మొదటిసారి ఎలా వెళ్లానో చెప్పడం మేలనిపించింది. అది పెద్ద ప్రయాణమేమీ కాదు. చందానగర్ నుంచి ఖాజాగూడ, అక్కడి నుంచి వెనక్కి మదీనాగూడ. అంతా కలిపి ఒక ఆదివారం. కానీ ఆ తర్వాత నేను చేసిన ఏ దూరప్రయాణమూ ఇంత గుర్తులేదు.

తొంభైల చివరి రోజులు. నేను ఒంగోలు దగ్గరి పల్లె నుంచి వచ్చి చందానగర్‌లో ఒక చిన్న ప్రైవేటు ఆసుపత్రిలో నర్సుగా చేరాను. డ్యూటీ, గది, ఆదివారం చర్చి, అంతే నా లోకం. ఊళ్లో నోరు మూయకుండా మాట్లాడేదాన్ని, ఇక్కడ రోజుల తరబడి రోగులతో తప్ప ఎవరితోనూ మాట్లాడేదాన్ని కాదు. మా ఇంటి ఓనరు విజయలక్ష్మి గారు హెడ్‌మిస్ట్రెస్‌గా రిటైరయ్యారు. ఒక సేవా క్లబ్బుకు అధ్యక్షురాలు. ఒక సాయంత్రం మెట్ల మీద ఒంటరిగా కూర్చున్న నన్ను చూసి, "గురువారం నీకు డ్యూటీ ఉందా సుగుణా? లేకపోతే మా మీటింగుకు రా. సేవ సంగతి తర్వాత, బజ్జీలు బాగుంటాయి" అన్నారు. అలా మొదలైంది.

మీటింగు ప్రతి గురువారం సాయంత్రం ఆరున్నరకు, మార్కెట్ వెనక ఒక ప్రైమరీ స్కూలు గదిలో. పెద్దవాళ్లంతా మోకాళ్లు ముడుచుకుని చిన్నపిల్లల బెంచీల మీద కూర్చున్నారు. బ్యాంకు ఉద్యోగులు, మందుల షాపాయన, ఇద్దరు టీచర్లు, అప్పుడే కొత్తగా కట్టిన సాఫ్ట్‌వేరు బిల్డింగులో చేరిన ఒకబ్బాయి. విజయలక్ష్మి గారు స్కూలు గంటే కొట్టి సమావేశం ప్రారంభించారు. ఆలస్యంగా వచ్చినవాళ్లు ఒక రేకు డబ్బాలో జరిమానా వేసి నవ్వుతూ కూర్చున్నారు. కొత్తగా వచ్చినందుకు నన్ను నిలబెట్టి పేరూ ఊరూ చెప్పించారు. చప్పట్లు కొట్టారు. ఈ నగరంలో నాకోసం ఎవరైనా చప్పట్లు కొట్టడం అదే మొదలు.

ఆ వారం చర్చంతా ఆదివారం మదీనాగూడ ఫంక్షన్ హాల్లో జరగబోయే కృత్రిమ కాళ్ల శిబిరం గురించే. కాళ్లు తయారుచేసే నిపుణులు వేరే రాష్ట్రం నుంచి వచ్చారు. కొన్ని వారాల ముందే కొలతలు తీసుకుని, ఎవరి కాలు వాళ్లకు తగ్గట్టు తయారు చేశారు. ఆదివారం వాటిని అమర్చి, నడక నేర్పించి, సాయంత్రానికల్లా వేరే ఊరు వెళ్లిపోతారు. అంతా బాగుంది కానీ ఖాజాగూడ నుంచి ఒక కబురు వచ్చిందట. ఎల్లయ్య అనే రాళ్లు కొట్టే మనిషి, కొలతలు ఇచ్చినవాడే, తాను రానని చెప్పి పంపాడు. ఎందుకో చెప్పలేదు.

"నేను వెళ్లి తీసుకొస్తానండి. భయపడి ఉంటాడు" అన్నారు కార్యదర్శి ప్రభాకర్ గారు. ఆయనది భీమవరం వైపు, బ్యాంకులో క్లర్కు. ఏ పని చెప్పినా ముందు లేచే మనిషి. విజయలక్ష్మి గారు నా వైపు చూశారు. "నర్సమ్మ తోడుంటే ధైర్యంగా ఉంటుంది. వెళ్తావా?" వెళ్తానన్నాను. పాస్టరు గారికి ఆ ఆదివారం రాలేనని ముందే చెప్పుకున్నాను.

ఆదివారం ఏడింటికి మందుల షాపాయన ఇచ్చిన జీపులో బయల్దేరాం. నడిపేది యాదగిరి, ఆయన డ్రైవరు. బొంబాయి హైవే మీద మదీనాగూడ దాటి, హఫీజ్‌పేట దగ్గర కుడివైపు తిరిగి, కొండాపూర్, కొత్తగూడ మీదుగా మాదాపూర్‌కు వచ్చాం. ఇప్పుడు ఆ దారిలో సిగ్నళ్ల దగ్గరే గంట పడుతుంది. అప్పుడు దారంతా బండరాళ్లు, సీతాఫలం చెట్లు, మధ్యలో అకస్మాత్తుగా అద్దాల గుండ్రటి భవనం. యాదగిరి జీపు నెమ్మది చేసి, "చూడు మేడం, ఆడికెల్లి అమెరికాతోని మాట్లాడుతరంట. మా ఊరికైతే ఫోనే కలువదు" అన్నాడు.

దారిలో ప్రభాకర్ గారు జేబులోంచి ఒక పేపర్ కటింగ్ తీసి చూపించారు. కొలతల రోజు వార్త. బెంచీ మీద వరసగా కూర్చున్నవాళ్లు, పంట్లాలు మోకాళ్ల పైకి మడిచి, తెగిన కాళ్లు ముందుకు చాచి. పైన పెద్ద అక్షరాల్లో "అభాగ్యులకు ఆసరా" అని శీర్షిక.

"శీర్షికతో సహా నేను రాసి పంపిందేనండి. ఒక్క అక్షరం మార్చకుండా వేశారు" అన్నారు మురిసిపోతూ. ఆ వార్త చూశాకే ఒక బిల్డరు విరాళం ఇస్తానని ముందుకొచ్చాడట. ఆ రోజు శిబిరానికి ముఖ్య అతిథి ఆయనే. నేను కూడా చాలా బాగుందన్నాను. నిజంగానే బాగుందనుకున్నాను.

ఖాజాగూడ చెరువు పక్కనుంచి మట్టిదారి పట్టుకుని, గుట్టల కింద ఉన్న గుడిసెల దగ్గర జీపు ఆపాం. అప్పటికే సుత్తుల చప్పుడు మొదలైంది. ఎల్లయ్య ఒక తాటాకు నీడ కింద కూర్చుని కంకర కొడుతున్నాడు. నలభై లోపే ఉంటుంది వయసు. వెడల్పాటి భుజాలు. కిందటేడు లారీకి ఎక్కిస్తున్న బండ జారి ఎడమకాలి మీద పడింది. దవాఖానలో మోకాలి కింద తీసేశారు. పక్కన ఆయన భార్య సాయమ్మ గంపలోకి కంకర ఎత్తుతోంది. మమ్మల్ని చూసి ఆమె లేచింది. ఆయన సుత్తి ఆపలేదు.

"ఎల్లయ్యా, కాలు తయారైందయ్యా. పద, బండి తెచ్చాం" అన్నారు ప్రభాకర్ గారు.

"నేను రానని చెప్పి పంపిన గద సార్."

"నొప్పని భయమా? ఈవిడ నర్సు, పక్కనే ఉంటారు."

"నొప్పికి భయపడేటోన్నైతే రాయి మీద కూసుంటనా?" సుత్తి దెబ్బ పడింది. ఇక మాట్లాడడనుకున్నాను. నేను కింద కూర్చుని కాలు చూపించమన్నాను. తెగిన చోట చర్మం కందిపోయి ఉంది. కర్రకు గుడ్డలు చుట్టి తనే ఒక ఊతకాలు చేసుకుని కట్టుకుంటున్నాడట. ఇలాగే వదిలేస్తే పుండు పడుతుందనీ, ఇవాళ తప్పితే ఆ నిపుణులు మళ్లీ ఎప్పుడొస్తారో తెలియదనీ చెప్పాను. సాయమ్మ మొహం వాడిపోయింది.

"చెప్పయ్యా, నీ మనసుల ఉన్నది చెప్పరాదు? వాళ్లకెట్ల తెలుస్తది?" అంది.

అప్పుడు సుత్తి పక్కన పెట్టాడు. "కాలు కొలుస్తమన్నరు, వచ్చిన. పంట్లాం మడవమన్నరు, మడిచిన. ఫోటో అని ఎవ్వలు చెప్పలే. మూడొద్దులకు హోటల్ల చాయ్ తాగుతుంటే మేస్త్రి పేపర్ చూపించిండు. నాకు సదువు రాదు. ఇంటికి తెచ్చి బిడ్డకిచ్చిన. ఏడో తరగతి సదువుతది. సదివింది. సదివి, 'నాయినా, అభాగ్యులంటే ఏంది?' అన్నది. ఏమని చెప్పాలె మేడం? కాలు పోయిన నెలకే కూసొని కంకర కొట్టుడు సురువు జేసిన. ఒక్కదినం ఎవ్వని ముంగట చెయ్యి చాపలే. నా బిడ్డకు నేను అభాగ్యున్నెట్లైన?"

ప్రభాకర్ గారి చేయి జేబు మీదకు వెళ్లి అక్కడే ఆగిపోయింది. ఎవరో పేపరువాళ్లు రాశారని అనేయవచ్చు. అలాగే అంటారనుకున్నాను. ఆయన చెప్పులు విడిచి కంకర మీదే ఎల్లయ్య ఎదురుగా కూర్చున్నారు.

"ఆ మాట రాసింది నేనేనండి" అన్నారు. అంతదాకా 'ఎల్లయ్యా' అన్న నోటితోనే 'అండి' అన్నారు. "నలుగురూ చదివి సాయం చేస్తారని రాశాను. మీ ఇంట్లో చదువుకుంటారని ఆలోచించలేదు. తప్పయిపోయిందండి."

సాయమ్మే ముందు మాట్లాడింది. "ఒప్పుకున్నడు గద. ఇగ లే."

"ఇయ్యాల గూడ ఫోటోలు తీస్తరా?"

"మిమ్మల్ని తీయరు. మాట ఇస్తున్నాను."

"నన్నొక్కన్నే గాదు సార్. ఆడ ఇంకా మంది ఉంటరు. వాళ్ల ఇండ్లల్ల పిల్లలు లేరా? ఎవ్వర్ని తియ్యొద్దు. గట్లైతె వస్త."

ముఖ్య అతిథి విలేకరులను తనే పిలిచాడని నాకు జీపులో తెలిసింది. అది గుర్తొచ్చి ప్రభాకర్ గారి వైపు చూశాను. ఆయన నుదురు తుడుచుకుని, "సరేనండి" అన్నారు. తిరుగుదారిలో యాదగిరి వెనక్కి తిరిగి, "ఫికర్ చెయ్యకు అన్నా, కూసో మంచిగ" అని ఎల్లయ్యకు బీడీ ఇచ్చాడు.

మదీనాగూడ చేరేసరికి పది దాటింది. హాలు ముందు షామియానా, పూలదండలు, మైకు. కెమెరాలు పట్టుకుని ఇద్దరు ముగ్గురు. ప్రభాకర్ గారు విజయలక్ష్మి గారిని పక్కకు పిలిచి చెప్పారు. ఆమె విని, "నువ్వు ఇచ్చిన మాట క్లబ్బు ఇచ్చిన మాటే" అని నేరుగా మైకు దగ్గరకు నడిచారు. స్కూల్లో అసెంబ్లీకి చెప్పినట్టు చెప్పారు. "ఉపన్యాసాలకు ఎన్ని ఫోటోలైనా తీసుకోండి. కాళ్లు అమర్చే గదిలోకి మాత్రం కెమెరా రాకూడదు. వచ్చినవాళ్లు మన అతిథులు."

ముఖ్య అతిథి మొహం మాడిపోయింది. "నేనేం దాచుకునే పని చేస్తున్నానా?" అన్నాడు వేదిక మీదే. మాట ప్రకారం ఇస్తానన్నది ఇచ్చాడు కానీ భోజనానికి ఆగలేదు. ఆయన వెనకే విలేకరులూ వెళ్లిపోయారు. సభ్యులంతా ఇళ్ల నుంచి దుప్పట్లు తెప్పించి కిటికీలకు కట్టారు. సాఫ్ట్‌వేరు అబ్బాయి స్టూలెక్కి మేకులు కొట్టాడు.

లోపల నేను ఎల్లయ్య కాలు శుభ్రంచేసి మెత్తటి మేజోడు తొడిగాను. నిపుణుడు కాలు అమర్చి పట్టీలు బిగించాడు. రెండు వైపులా ఇనుప కడ్డీలు పట్టుకుని ఎల్లయ్య లేచి నిలబడ్డాడు. పెదవి కొరుక్కుంటూ అడుగు వేశాడు. తూలాడు. నేను పట్టుకోబోతే, "జర ఆగు మేడం" అన్నాడు. మరో అడుగు. కడ్డీల చివరిదాకా వెళ్లి చేతులు వదిలి నిలబడ్డాడు. గుమ్మం దగ్గరున్న సాయమ్మ దగ్గరకొచ్చి, తల ఎత్తి ఆయన మొహంలోకి చూసింది.

"ఇంత పొడుగుంటవని మర్చిపోయిన" అంది.

ఎల్లయ్య నవ్వాడు. ఆ ఉదయం నుంచి నేను చూసిన మొదటి నవ్వు. నేను కిటికీ దుప్పటి సరిచేసే నెపంతో అటు తిరిగాను.

తర్వాతి గురువారం మీటింగు బజ్జీలు చల్లారిపోయేదాకా సాగింది. పేరు రాకపోతే విరాళాలు ఎవరిస్తారని కొందరు కోపపడ్డారు. వాళ్ల మాటలోనూ నిజం లేకపోలేదు. మరుసటి ఏడు బిల్డరు గారు మొహం చాటేశారు. సభ్యులే ఇల్లిల్లూ తిరగాల్సి వచ్చింది, శిబిరం చిన్నదైపోయింది. అయినా అడగకుండా ఎవరి ఫోటో తీయకూడదన్న నియమం నిలిచింది. ఆ చిన్న శిబిరానికి ఎల్లయ్య పిలవకుండానే వచ్చాడు. కడ్డీల పక్కన నిలబడి, మొదటి అడుగు వేయడానికి జంకుతున్న ఒక ముసలాయనతో, "పడితే పడ్డవు తాతా, నేను పడలేదా, ఇగ నడువు" అంటూ పొద్దంతా ఉన్నాడు. మా అందరి ఓదార్పులకంటే ఆ మాటే ఆయన్ను కదిలించింది.

సేవకు బయల్దేరే ప్రతివారిలోనూ మంచితనం ఉంటుంది. ప్రభాకర్ గారిలో మా అందరికంటే ఎక్కువే ఉండేది. కానీ ఇచ్చే చేతికి ఎదుటివాళ్ల ఇల్లు కనిపించదు. వాళ్ల గుమ్మందాకా వెళ్లి, కింద కూర్చుంటే తప్ప. ఆ రోజు కంకర మీద కూర్చున్న ప్రభాకర్ గారిని చూశాకే నేను ఆ క్లబ్బులో చేరాను. నగరం నాది అనిపించడం కూడా అప్పటినుంచే.

చివరగా పనికొచ్చే మాట ఒకటి. మీరు ఎవరినైనా కృత్రిమ కాలు అమర్చే శిబిరానికి తీసుకెళ్తుంటే, కొత్త చెప్పుల జత ఒకటి కొని వెంట పట్టుకెళ్లండి. రెండో చెప్పు ఎప్పుడో పారేసి ఉంటారు. మడమ ఎత్తు చూసి కాలు సరిచేయాలంటే నిపుణులకు రెండు చెప్పులూ కావాలి.