ఎత్తని ఫోన్‌కు ఎర్ర రంగు

ఎండలు ముదిరాయంటే సంతోష్‌నగర్‌లో నా గది వెనక సందులోకి కూలర్లు తయారు చేసేవాళ్లు వస్తారు. రేకు నేల మీద పరిచి, అంచులు మడిచి, సుత్తితో కొడుతుంటారు. ఈ పొద్దున టీ మరుగుతుండగా ఆ మోత మొదలైంది. పక్కవాళ్లు కిటికీలు మూసుకున్నారు. నేను నా కిటికీ తెరిచి కాసేపు అక్కడే నిలబడ్డాను. రేకు మీద సుత్తి పడే చప్పుడు వింటే నాకు శాలిబండలో మేడ మీది ఒక గది గుర్తొస్తుంది. ఆ మోతలోనే, గొంతు పెంచకుండా, ఎదుటి మనిషికి మాత్రమే వినిపించేలా మాట్లాడగలిగిన సువార్త మేడం గుర్తొస్తారు. ఆమె మీకు తెలిసే అవకాశం లేదు. ఏ పేపర్లోనూ ఆమె ఫొటో పడలేదు. తాగుడు మానాలని వచ్చేవాళ్లకూ, వాళ్ల ఇంట్లోవాళ్లకూ, నాకూ తెలుసు.

ఆమె నడిపిన డీ అడిక్షన్ సెంటర్ ఒక ట్రంకు పెట్టెల దుకాణం పైన ఉండేది. కింద రోజంతా రేకుల మోతే. నాకు దేన్ని చూసినా జాబితా రాసుకునే అలవాటుంది. నేను అక్కడ పనిలో చేరిన వారంలోనే ఆ చోటులోని లోపాలన్నీ ఒక కాగితం మీద రాసి ఆమె ముందు పెట్టాను. మెట్లు ఇరుకు, కరెంటు నిలకడ లేదు, మోత భరించలేం, చోటు మార్చాలి. ఆమె చదివి, మోత అన్న మాటను పెన్నుతో కొట్టేశారు. "గా సప్పుడు ఉండనీ కిరణ్. ఈడికొచ్చేటోడు పెండ్లాన్ని కొట్టిన అని చెప్పాలె, బిడ్డ మెడల గొలుసు అమ్ముకున్న అని చెప్పాలె. సప్పుడు లేకుంటే వాని నోరు లేస్తదా?" అన్నారు. ఆ గదుల మధ్య ఉన్నవి గోడలు కావు, పలచటి చెక్కలు. కింది మోత వల్లే ఒకరి మాట ఇంకొకరి చెవిన పడేది కాదు. చోటు మార్చే సంగతి నేను మళ్లీ ఎత్తలేదు.

ఆమె తండ్రి కంచన్‌బాగ్‌లో లోహాలు కరిగించే ఫ్యాక్టరీలో కొలిమి దగ్గర పనిచేసి, తాగి తాగి నడివయసులోనే పోయాడట. ఆ సంగతి ఆమె ఒక్కసారే చెప్పారు, అదీ షేర్ ఆటోలో, రోడ్డు వైపు చూస్తూ. తర్వాత ఆమె మనస్తత్వశాస్త్రం చదివి, పెద్ద ఆసుపత్రిలో కొన్నేళ్లు చేసి, అది వదిలి ఇక్కడికి వచ్చారు. ఎక్కడెక్కడి పరిశోధన పత్రాలో తెప్పించుకుని, అచ్చు తీసి, గీతలు పెట్టి చదివేవారు. ఆమె బాధ ఒకటే. ఏ పద్ధతి పనిచేస్తుందో, ఏది చేయదో పరీక్షించి చూసినవాళ్లున్నారు. కానీ మన దగ్గర మాత్రం మనిషిని గదిలో పెట్టడం, తిట్టడం, దేవుడి పటం ముందు ఒట్టు వేయించడం, ఇంటికి పంపి మరిచిపోవడం. మళ్లీ తాగి వస్తే గడప తొక్కనీయకపోవడం. మందులు తప్పకుండా వేసుకునేలా చూడాలి, తాగావా, ఎలా ఉన్నావు లాంటి నాలుగు ప్రశ్నలే క్రమంగా అడుగుతుండాలి, ఇంటికి వెళ్లాక కూడా చేయి వదలకూడదు అని ఆమె అనేవారు. "ఇది నా సొంత తెలివి గాదు కిరణ్. కితాబుల ఉన్నదే. మన మెట్లు ఎక్కలే, గంతే. నువ్వు ఎక్కియ్యాలె." నా ఉద్యోగ వివరాలు అంతకంటే స్పష్టంగా ఎవరూ చెప్పలేదు.

అప్పటికి నా పరిస్థితి ఇది. ఎలక్ట్రానిక్స్‌లో ఇంజనీరింగ్ చదివాను. నాన్న ముఖం నాకు గుర్తు లేదు. ఆఖరి సంవత్సరంలో అమ్మ పోయింది. మొదట చేరిన కంపెనీ మూతపడింది. సెంటర్‌లో కంప్యూటర్ పనులకు ఒప్పందం మీద తీసుకున్నారు. పని అయ్యాక గదికి వచ్చి తలుపు వేసుకుంటే మళ్లీ పొద్దున దాకా నాకు మాటతో పని లేదు. ఆదివారాలైతే నా గొంతు నేనే వినకుండా గడిచిపోయేవి. నేను తాగను. అయినా సాయంత్రం కాగానే ఒక మనిషికి ఎక్కడికీ వెళ్లాలనిపించకపోవడం అంటే ఏమిటో నాకు ఎవరూ వివరించాల్సిన అవసరం లేకపోయింది.

మేడం, నేను కలిసి చేసింది పెద్ద యంత్రమేమీ కాదు. రోజూ సాయంత్రం, సెంటర్ నుంచి ఇంటికి వెళ్లిన ప్రతి ఒక్కరికీ దానంతటదే ఫోన్ వెళ్తుంది. చాలామందికి చదువు రాదు, మామూలు ఫోన్లు, కాబట్టి అంతా గొంతుతోనే. తాగకపోతే ఒకటి నొక్కాలి, తాగితే రెండు, తాగాలని మనసు లాగుతుంటే మూడు. మూడు నొక్కినవాళ్లకు మేడం వెంటనే తానే ఫోన్ చేస్తారు. శుక్రవారం మధ్యాహ్నం కింది దుకాణం నమాజుకు మూసినప్పుడు ఆమె గొంతు రికార్డు చేశాం. ప్రశ్న నేనే రాశాను. "ఈ రోజు మీరు మద్యం సేవించారా?" అది మొదట విన్నది నర్సింగ్ అన్న. గేట్లు, గ్రిల్లులు చేసే షాపులో వెల్డర్. తాగుడు భరించలేక భార్య పిల్లలను తీసుకుని తల్లిగారింటికి పోయింది. సంతోష్‌నగర్‌లోనే, మా గల్లీకి రెండు గల్లీల అవతల ఒక్కడే ఉంటాడు. ఫోన్ చెవి దగ్గర పెట్టుకుని విని, ముఖం అదోలా పెట్టాడు. "ఏంది మేడం గిది, ట్రాఫిక్ పోలీసాయన నోట్ల పైపు పెట్టినట్టే ఉన్నది" అన్నాడు. మేడం నవ్వి నవ్వి కళ్లు తుడుచుకున్నారు. అప్పటికప్పుడు మళ్లీ రికార్డు చేశాం. "అన్నా, నేను సువార్తను. ఇయాల ఎట్ల గడిచింది?" అని మొదలైంది.

ఆ జవాబులన్నీ ఒక తెర మీద గళ్లుగా కనిపించేలా చేశాను. మనిషికో వరుస, రోజుకో గడి. ఒకటికి ఆకుపచ్చ, రెండుకు ఎరుపు, మూడుకు పసుపు. ఫోన్ ఎత్తనివాళ్ల గడి ఖాళీ. మాకు కాలేజీలో నేర్పింది అదే. రాని లెక్కను లెక్కలోంచి తీసేసి మిగతాదానితో పని నడిపించాలి. మేడం కుర్చీ దగ్గరికి లాక్కుని చాలాసేపు చూశారు. తాగిన అన్నోడికి ఎరుపెందుకు అని అడిగారు. ప్రమాదం కాబట్టి అన్నాను. "తాగిన అని చెప్తుండంటే వాడు ఇంక మనతోని మాట్లాడుతుండు. వానికేదన్న సల్లటి రంగియ్యి. ఫోన్ ఎత్తనోడు బతికున్నడో లేడో నాకు తెల్వదు. ఎరుపు వానికియ్యి." రెండుకు నీలం పెట్టి, ఖాళీ గళ్లను ఎరుపు చేశాను. మార్చడానికి పట్టింది పది నిమిషాలు. ఆ తర్వాత ఏ పట్టిక చూసినా నా కళ్లు ముందు ఖాళీ గడి దగ్గరే ఆగుతున్నాయి. పొద్దున మేడం భుజం మీది సంచి దింపకముందే ఎర్ర గళ్లు చూసేవారు. ఒక్కొక్కరికీ ఫోన్ చేసేవారు. దొరకకపోతే భార్యకో, అన్నకో. అక్కడా దొరకకపోతే బయలుదేరేవారు. చాలాసార్లు నేనూ వెంట వెళ్లేవాణ్ణి.

నర్సింగ్ అన్న వరుస నిండా నీలమే ఉండేది. అక్కడక్కడా ఒక ఆకుపచ్చ. కానీ ఒక్క రోజు కూడా ఫోన్ ఎత్తకుండా ఉండలేదు. సెంటర్ ఖర్చులు భరించే ట్రస్టు సెక్రటరీ సార్ ఒకసారి ఆ తెర చూసి, ఇన్నిసార్లు రెండు నొక్కినవాడి మీద ఇంకా ఎందుకు శ్రమ అన్నారు. అలాంటివాళ్ల పేర్లు తీసేసి వేరేవాళ్లకు చోటివ్వాలన్నారు. ఆయన చెడ్డవాడు కాదు, లోపలికి రావాలని ఎదురుచూసేవాళ్లు నిజంగానే ఉన్నారు. బీపీ పెరిగిందని బీపీ ఉన్నవాణ్ణి ఆసుపత్రి నుంచి వెళ్లగొడతామా అని మేడం అడిగారు. మీటింగులో తేల్చుకుందామని ఆయన దిగిపోయారు. మెట్ల మీద నర్సింగ్ అన్న ఎదురైతే, మంచి చెప్తున్నాననుకుని, ఇంకోసారి రెండు నొక్కితే నీ పేరుండదు, జాగ్రత్త అని చెప్పారట. మాకది తర్వాత తెలిసింది.

ఆ వారంలోనే నర్సింగ్ అన్న వరుసలో మొదటి ఎర్ర గడి వచ్చింది. మేడం ఎన్నిసార్లు చేసినా ఎత్తలేదు. భార్యను అడిగితే తనకు తెలియదంది. మరునాడు ఇంకో ఎరుపు. "నిన్ననే పోవాల్సింది" అంటూ మేడం చెప్పులు వేసుకున్నారు. నేనూ వెంట వెళ్లాను. నర్సింగ్ అన్న గది తలుపు దగ్గరికి వేసి ఉంది, గడియ లేదు. ఆయన గోడకు ఆనుకుని కింద కూర్చుని ఉన్నాడు. చొక్కా చెమటతో తడిసి ఒంటికి అంటుకుంది. చేతులు ఆగకుండా వణుకుతున్నాయి. గోడ మీద చీమలు పాకుతున్నాయి, దులపమని నన్ను అడిగాడు. గోడ మీద ఏమీ లేదు. ఎప్పుడు తాగినవని మేడం అడిగారు. తాగుడు బంద్ చేశానన్నాడు. నాకు సంతోషం కలిగింది. మేడం ముఖం చూశాక ఆ సంతోషం నిలవలేదు. ఆటో పట్టుకురా అన్నారు, ఆమె గొంతు అంత గట్టిగా లేవడం నేను విన్నది అప్పుడే. ఏళ్ల తరబడి తాగిన ఒళ్లు ఉన్నట్టుండి, వైద్యం సాయం లేకుండా మానితే ఫిట్స్ వస్తాయి, ప్రాణమే పోవచ్చు.

ఆటోలో మా ఇద్దరి మధ్య కూర్చోబెట్టుకున్నాం. ఎందుకు ఎత్తలేదని మేడం అడగలేదు. ఆయనే చెప్పాడు, పళ్లు టకటకలాడుతుంటే ఆగి ఆగి. "మొన్న తాగిన. రెండు నొక్కితే పేరు తీసేస్తరన్నరు. మీకాడ అబద్ధం ఆడబుద్ధి గాలే, అందుకే ఎత్తలే. నిన్న సుక్క ముట్టలే మేడం. ఒకటి నొక్కుదామంటే వేళ్లు నిలవలే." మేడం ఆయన రెండు చేతులనూ తన ఒళ్లోకి తీసుకుని గట్టిగా పట్టుకున్నారు. ఆసుపత్రి గేటు దగ్గర ఆయనకు ఫిట్స్ వచ్చాయి. డాక్టర్లు ప్రాణం నిలబెట్టారు. ఇంకో పూట ఆలస్యమైతే ఏమయ్యేదో చెప్పలేం అన్నారు. రెండు రోజుల తర్వాత సెక్రటరీ సార్ ఆసుపత్రికి వచ్చారు. మంచం పక్కన చేతులు కట్టుకుని నిలబడి, తెలియక అన్నానని ఆయనే ముందుగా అన్నారు. పేర్లు తీసేసే మాట ఆ తర్వాత మీటింగుకు రాలేదు.

ఒప్పందం ముగిశాక నేను కంచన్‌బాగ్ వైపు ఒక చిన్న కంపెనీలో చేరాను. పోయిన వానాకాలంలో మేడం పోయారు. గుండెపోటు. ఇంట్లో ఒక్కరే ఉన్నారు. సమాధుల తోటలో నేను అందరికంటే వెనక నిలబడ్డాను. వాన తుంపర పడుతోంది. ఆమె బంధువు ఒకామె గొడుగు నా మీదికి జరిపి, మీరు ఆమెకు ఏమవుతారని అడిగింది. ఆమె దగ్గర పనిచేశానని చెప్పాను. అది నిజమే, కానీ నేను చెప్పాలనుకున్నది అది కాదు. గేటు దగ్గర నర్సింగ్ అన్న కనిపించాడు. నేను పక్క దారిన వచ్చేశాను.

తర్వాత నేను ఎవరి ఫోనూ ఎత్తలేదు. ఆఫీసుకు వెళ్లేవాణ్ణి, వచ్చేవాణ్ణి, లైటు వేయకుండా పడుకునేవాణ్ణి. నర్సింగ్ అన్న ఫోన్ మోగి మోగి ఆగిపోయేది. ఒక ఆదివారం మధ్యాహ్నం ఆయనే మెట్లెక్కి వచ్చాడు, ఆయాసపడుతూ. ఫోన్ ఎత్తకపోతే ఏమనుకోవాలని అడిగాడు. ఆఫీసులో పని ఎక్కువగా ఉంది, నేను బాగానే ఉన్నాను అన్నాను. ఆయన మంచం అంచు మీద కూర్చుని, విడిచిన బట్టలను, ఉతకని దుప్పటిని చూశాడు.

"నువ్వు రోజు ఒకటే నొక్కుతవా తమ్మీ?" అన్నాడు.

నాకు నవ్వు వచ్చింది, దాంతోపాటు ఏడుపూ వచ్చింది. "లేదన్నా. మంచిగ లేను" అన్నాను. ఆయన సలహా ఏమీ ఇవ్వలేదు. సరే అని లేచి, చాయ్ పత్తా ఎక్కడుందో వెతుక్కున్నాడు. చీకటి పడేదాకా కూర్చున్నాడు.

ఇప్పుడు సాయంత్రాలు మేం ఒకరికొకరం ఫోన్ చేసుకుంటాం. నర్సింగ్ అన్న పూర్తిగా మానేశాడని రాస్తే ఈ కథ బాగుంటుంది, కానీ మానలేదు. నెలలు బాగుంటాడు, ఏదో ఒక రోజు తాగుతాడు, తాగానని చెప్తాడు, మర్నాడు మందుల కోసం సెంటర్‌కు వెళ్తాడు. భార్య తిరిగి రాలేదు. పిల్లలు మాత్రం వచ్చిపోతుంటారు. నా గదీ అదే, నా ఆదివారాలూ ఇంచుమించు అవే. ఎట్లున్నవని ఆయన అడిగినప్పుడు మాత్రం వెంటనే జవాబు చెప్పను. ఒక్క క్షణం ఆగి, నిజంగా ఎలా ఉన్నానో చూసుకుంటాను. బాగా లేకపోతే బాగా లేనని చెప్తాను. చెప్పి, ఫోన్ పెట్టేయకుండా ఉంటాను.