కడుపుతో ఉండగా రామగిరి గుట్ట

బడిలో వ్యాయామం నేర్పే టీచరుగా బొగ్గుగనుల పక్కనున్న సెంటినరీ కాలనీకి వచ్చిన మొదటి ఏడే రామగిరి గుట్ట మీద బండలెక్కడం మొదలుపెట్టాను. నడుముకు పట్టీ, తలకు హెల్మెట్, పైనుంచి తాడు. సెలవొస్తే నేనూ, నా తోటి టీచరూ అక్కడే ఉండేవాళ్లం. పెళ్లయ్యాక కూడా మానలేదు. కడుపుతో ఉన్నానని తెలిసినప్పుడు మాత్రం సంతోషంతో పాటే గుబులూ పట్టుకుంది. ఇప్పుడు ఏది చెయ్యొచ్చు, ఏది చెయ్యకూడదు?

మా అత్తమ్మ ఆలోచించనే లేదు. "గుట్టలు లేవు, గిట్టలు లేవు. కాన్పయ్యే దాక ఇంట్ల కూసో బిడ్డా" అంది.

తోటి టీచరు ఇంకోలా అంది. "నీకేంది అక్కా, అలవాటైన ఒళ్లు. ఎనిమిదో నెలల గూడ ఎక్కేటోళ్లను ఫోన్ల చూసిన."

ఇద్దరి మాటా విని దవాఖానకు వెళ్లాను. డాక్టరమ్మ కోస్తా నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడినావిడ. నన్ను పరీక్ష చేసి, నేను చేసేవన్నీ ఒక్కొక్కటే అడిగింది.

"పడే ప్రమాదం ఉన్నదీ, పొట్టకు దెబ్బ తగిలేదీ, పట్టీ ఒత్తుకునేదీ వద్దండీ. మీకు అంతా బాగానే ఉంది కాబట్టి నడవండి, ఈదండి. మాట్లాడలేనంత ఆయాసం వస్తే ఆగిపోండి. నొప్పి వచ్చినా, రక్తం కనబడినా, కళ్లు తిరిగినా వెంటనే రండి."

ఇంటికొచ్చి ఆలోచించుకున్నాను. బండలెక్కడం మానేశాను. గని మట్టిగుట్టల పక్క గతుకుల దారిలో సైకిల్ తొక్కడమూ, పడతానేమోనని మానేశాను. నడక, ఈత మాత్రం ఎవరు వద్దన్నా వదలదలుచుకోలేదు.

అప్పటికే మా బడి ఆడపిల్లలకు బండలెక్కడం నేర్పిస్తానని మాటిచ్చి ఉన్నాను. ఒక సెలవు రోజు ఎత్తు తక్కువ దారిలో బండ దాకా నిదానంగా నడిచి వెళ్లాను. నన్ను కనిపెట్టుకుని ఉండాలని అత్తమ్మా వెంట వచ్చింది. తోటి టీచరు బండ పైన తాడు పట్టుకుంటే, నేను కింద నిలబడ్డాను. పిల్లలు ఒక్కొక్కరే ఎక్కుతున్నారు. ఒకమ్మాయి సగంలో బిగుసుకుపోయి, బండను కరుచుకుని ఏడుపు మొదలుపెట్టింది.

"అక్కా, ఇంకో తాడున్నది. ఒక్కసారి ఎక్కొచ్చి పిల్లను పట్టుకోరాదూ!" పైనుంచి కేక.

పట్టీ నా కాళ్ల దగ్గరే ఉంది. ఎన్నిసార్లు ఎక్కిన బండ అది! చెయ్యి ముందుకు వెళ్లబోయింది. వెనక్కి తీసుకున్నాను.

"ఎక్కను. తాడు బిగువుగ పట్టుకో, నేను మాట్లాడుత" అని అరిచి, పిల్ల వైపు తిరిగాను. "బిడ్డా, ఫికర్ చెయ్యకు. తాడు నిన్ను పట్టుకునే ఉన్నది. కుడికాలు కింద చిన్న గుంత ఉన్నది, కాలు దాంట్ల పెట్టు. ఆఁ, గట్లనే. ఇప్పుడు ఎడమ చెయ్యి."

చాలాసేపే పట్టింది. నా గొంతు బొంగురుపోయింది. చివరికి పిల్ల నేల మీద కాలుపెట్టి నన్ను వాటేసుకుంది. కడుపుకు తగలకుండా పక్కకు తిరిగి పట్టుకున్నాను.

దిగుతున్నప్పుడు అత్తమ్మ నా చెయ్యి పట్టుకుని, "ఎక్కుతవేమో అని నా పానం కొట్టుకున్నది" అంది. చెయ్యి వదలకుండానే, "రేపటి సంది పొద్దుగాల్ల నడుద్దాం. నేనూ వస్త" అంది.

నెలలు నిండేదాకా ఇద్దరం నడిచాం. పాప పుట్టింది. ఒళ్లు పూర్తిగా కోలుకున్నాక మళ్లీ బండ దగ్గరికి వెళ్లాను. చేతుల్లో మునుపటి బలం లేదు. సగం ఎక్కి దిగిపోయాను, మరుసటి సెలవుకు ఇంకొంచెం పైకి ఎక్కాను.