ఇనుము దొంగలకు లొంగని టీచరమ్మ

మా సైన్సు టీచరమ్మ పోయారని సోమవారం పొద్దున పెనుకొండ నుంచి ఫోన్ వచ్చింది. మూత్రంలో మొదలైన ఇన్ఫెక్షన్ రక్తంలోకి పాకిందట, ఏ మందుకూ లొంగలేదట. దీపం వెలిగించబోతున్న దాన్ని అలాగే కూర్చుండిపోయాను.

హిందూపురం హైస్కూల్లో ఆమె మాకు మూడేళ్లే పాఠం చెప్పారు. గుడిలో అర్చనకు పేరు అడిగితే, "పదో తరగతి బి సెక్షను, అందరికీ చెయ్యి స్వామీ" అనేవారు.

నాలుగేళ్ల కిందట ధర్మవరంలో, మా ఇంట్లో, నా కూతురు బాలింత. కాన్పయిన ఐదో రోజు జ్వరం వచ్చి ముఖం పాలిపోయింది. రక్తం తగ్గిందనుకున్నాను. మా అవ్వ చేసినట్టే ఇనుప కమ్మీ ఎర్రగా కాల్చి, మజ్జిగలో ముంచి తాపాను. పైగా ఐరన్ టానిక్కు రెండింతలు పోస్తున్నాను. బిడ్డను చూడ్డానికి వచ్చిన టీచరమ్మ గ్లాసు లాక్కున్నారు.

"ఏమ్మే, దొంగలు ఇంట్లో జొరబడింటే బీరువా తాళాలు నువ్వే ఇస్తాండావా?"

"రక్తం లేదు టీచర్. దేవునికి మొక్కుకోనే తాపినా."

"మొక్కుకోను నోరిచ్చిన దేవుడే ఆస్పత్రికి పోను కాళ్లు గూడా ఇచ్చినాడు. లెయ్!"

కారులో పుట్టపర్తి ఆస్పత్రి చేరేదాకా చెబుతూనే ఉన్నారు. రోగం తెచ్చే క్రిములు బతకాలంటే ఇనుము కావాలట. అందుకు సిడరోఫోర్ అనే కంటికి కనిపించని కొక్కేలను వదులుతాయట. అవి మన ఒంట్లోని ఇనుమును తగిలించుకుని క్రిములకు చేరుస్తాయి. అందుకే జ్వరం రాగానే ఒళ్లు ఇనుమును దాచుకుంటుంది. నేనేమో ఇంకా పోస్తున్నాను. డాక్టరూ అదే అన్నారు, ముందు ఇన్ఫెక్షన్ తగ్గాలి, ఇనుము సంగతి తర్వాత అని. తొమ్మిది రోజులకు నా కూతురు లేచి కూర్చుంది.

పోయిన నెల ఆస్పత్రిలో టీచరమ్మను చూశాను. ఆక్సిజన్ గొట్టం పక్కకు జరిపి మరీ మాట్లాడారు.

"ఆ కొక్కేలకే మందు తగిలించి క్రిముల్లోకి పంపిస్తాండారంట. మోసగాళ్లకే మోసం! నాకు అందకపోతే పాయె, నీ మనవరాలికి అందుతాది."

పెనుకొండలో, ఆమెను పడుకోబెట్టిన చోట, ఒకామె పక్కామెతో అంది. "క్రిముల గురించి అంత చెప్పినామె, ఆ క్రిములకే పాయె. చదువు ఏం కాపాడె?"

నేను ఎవరికీ ఎదురు చెప్పే మనిషిని కాను. ఆ రోజు చెప్పాను.

"నా బిడ్డను కాపాడెమ్మా. ఇదో, ఈడే నిలబడుకోని ఉండాది, చూడు."

నా కూతురు పిడికెడు బియ్యం తీసుకుని ముందుకు నడిచింది. వెనకే మనవరాలు తనకూ కావాలని చెయ్యి చాపింది. దాని చిన్న పిడికిట్లోంచి గింజలు ఒక్కొక్కటే టీచరమ్మ చీర మీద రాలాయి.