ఎండాకాలంలో తెరిచిన బడి

నిన్న పొద్దున పక్కింటి ఆవిడ ఎప్పటిలాగే ఒక యూరియా సంచి తెచ్చి మా అరుగు మీద దించింది. "అక్కా, మా పిల్లల పరీక్షలైపోయినయ్. మీ బడికి పనికొస్తయని పుస్తకాలు తెచ్చిన" అంది. మా బడి మూతపడి మూడేళ్లయిందని ఆమెకూ తెలుసు. ఏప్రిల్ వచ్చిందంటే ఆమె కాళ్లు వాటంతట అవే మా ఇంటివైపు నడుస్తాయి కాబోలు. నేనూ వద్దనలేదు. సంచి విప్పి చూస్తే పుస్తకాలన్నీ ఎండకు వేడెక్కి ఉన్నాయి. బొమ్మల్లో ఉన్న పెద్దమనుషులందరికీ పెన్నుతో మీసాలు దిద్ది ఉన్నాయి. ఒక పుస్తకం ఒళ్లో పెట్టుకుని అక్కడే గోడకు చేరగిలబడ్డాను. ఎప్పటి అలసటో ఒకటి మళ్లీ ఒంట్లోకి వచ్చినట్టనిపించింది.

మా ఊరు మానవపాడుకు దగ్గర. నేను పుట్టింది ఖిల్లా ఘణపూర్ వైపు. వనపర్తిలో ఇంటరు చదివాను, అదీ లెక్కలు లేని చదువు. పెళ్లయి వచ్చాక నా చదువు సంతకానికి తప్ప దేనికీ పనికిరాలేదు. అలాంటిదాన్ని పంతులమ్మనయ్యానంటే దానికి కారణం మా అమ్మాయి జబ్బు. మూడో తరగతిలో ఉండగా దానికి ఫిట్స్ మొదలయ్యాయి. రెండుసార్లు బడిలోనే పడిపోయింది. బడివాళ్లు చెడ్డవాళ్లేమీ కాదు, భయపడ్డారు. "ఏమన్న అయితే మేం ఏం జేస్తమమ్మా, కొన్నొద్దులు ఇంట్లనే పెట్టుకోరాదు" అన్నారు. ఆ కొన్నొద్దులు ఏళ్లయ్యాయి. పెద్దయ్యాక ఓపెన్ టెన్త్ కట్టించవచ్చని ఎవరో చెప్పారు. ఆ ఒక్క మాట పట్టుకుని దాన్ని ఇంట్లో కూర్చోబెట్టి చదివించడం మొదలుపెట్టాను.

లోకంలో బడులన్నీ వానలతో తెరుచుకుంటే మా బడి ఎండలతో తెరుచుకునేది. మాకున్నది రెండెకరాలు, అందులో విత్తనాల కోసం వేసే పత్తి. వాన పడ్డాక విత్తడం, కలుపు, ఆ తర్వాత రెండు నెలలు క్రాసింగ్. ఒక్కో పువ్వును పట్టుకుని పుప్పొడి రుద్దాలి. ఆ రోజుల్లో నాకు అన్నం తినే తీరికే ఉండదు, ఇక అక్షరాలు ఎక్కడ? అందుకే పక్కింటి పిల్లల పరీక్షలైన మర్నాడే మాకు కొత్త తరగతి. పది దాటితే రేకుల కింద కూర్చోలేం కనుక తెల్లవారి ఐదింటికే దాన్ని లేపి అరుగు మీద కూర్చోబెట్టేదాన్ని. "గింత ఎండల్ల బడేందే? నీకేమన్న జీతమిస్తుండ్రా?" అని మా ఆయన నవ్వేవాడు. మా అత్త నవ్వేది కాదు. "ఎండకు కోళ్లు గూడ నోరు తెరుస్తున్నయ్ బిడ్డా. జర పండనియ్యరాదు దాన్ని" అనేది. నేను వినిపించుకునేదాన్ని కాదు. జూన్ వచ్చేలోపు సగం పుస్తకమన్నా అయిపోవాలి. నాకు కనిపించేది అదొక్కటే.

ఏడో తరగతి మొదలుపెట్టిన వేసవి అది. అంతకు ముందు ఏడాదిన్నరగా దానికి ఫిట్స్ రాలేదు. జబ్బు పోయిందనే అనుకున్నాం, రాత్రి గోళీ మాత్రం ఆపలేదు. నాకు మాత్రం ఆ ఏడు మొదట్లోనే ఓపిక అయిపోయింది. ఏడో తరగతి లెక్కలు నాకు రావు. మధ్యాహ్నాలు పొయ్యి దగ్గర పుస్తకం పెట్టుకుని ముందు నేను నేర్చుకోవాలి, తెల్లారి దానికి చెప్పాలి. పిల్ల చూస్తే కూర్చున్నచోటే తూగుతుంది. చెప్పింది చెప్పినట్టే మరిచిపోతుంది. మూడు బై నాలుగు, రెండు బై మూడు కలపమంటే పైవి పైవి, కిందివి కిందివి కలిపి ఐదు బై ఏడు అని రాసేది. నాలుగు రోజులు చెప్పాను. ఐదో రోజూ ఐదు బై ఏడే. నా చేతిలో స్కేలు ఉంది. వీపు మీద కొట్టాను. ఒకటి కాదు, రెండు దెబ్బలు. "నీ కోసం నేను సస్తున్న, నీకేం సోయి లేదు" అన్నాను. అది ఏడవలేదు. తలొంచుకుని మళ్లీ రాసింది. మళ్లీ ఐదు బై ఏడే.

గంట తర్వాత రొట్టె తింటూ తింటూ పక్కకు ఒరిగిపోయింది. కళ్లు తేలేసింది, కాళ్లూ చేతులూ కొట్టుకున్నాయి. మా అత్త తాళంచెవులు తెచ్చి పిడికిట్లో పెట్టింది. వాటితో ఏమీ కాదని నాకు తెలుసు, అయినా వద్దనలేదు. పిల్లను పక్కకు తిప్పి పట్టుకుని, నా చెయ్యి ఎక్కడ పడిందో ఆ వీపునే నిమురుతూ కూర్చున్నాను. నేను కొట్టబట్టే వచ్చిందని ఆ క్షణంలో గట్టిగా నమ్మాను.

ఆ రోజే బస్సెక్కి కర్నూలు పోయాం. డాక్టరు వయసు మళ్లిన మనిషి. మందులేమైనా తప్పాయా అని అడిగాడు. ఒక్కపూట కూడా తప్పలేదని గట్టిగా చెప్పాను. నా పక్కనున్న పిల్ల నా కొంగు లాగింది.

"నేనే ఏస్కుంటలేనమ్మా" అంది.

రోజూ పడుకునే ముందు మా అత్త చేతిలోంచి గోళీ తీసుకుని, మింగినట్టు చేసి, పెరట్లో పారేసేదట. ఇరవై రోజులుగా. ఎందుకే అన్నాను.

"గోళీ ఏస్కుంటే పొద్దుగాల లేవొస్తలేదు. తలకాయ బరువుంటది. నువ్వు చెప్పింది ఎక్కుతలేదు. నువ్వేమో అలిసిపోయి చెప్తవ్."

డాక్టరు నన్ను తిట్టలేదు. తిడితే బాగుండేది. దెబ్బలకు ఫిట్స్ రావని, మందు మానితే వస్తాయని, నిద్ర తక్కువైనా వస్తాయని చెప్పాడు. "బడి ఎన్ని గంటలకమ్మా?" అని అడిగాడు. ఐదింటికని చెప్పడానికి సిగ్గేసింది. చెప్పాను. "పిల్లకు మెలకువ వచ్చినప్పుడు పెట్టుకో" అన్నాడు.

తిరుగు బస్సులో అది నా ఒళ్లో తలపెట్టి నిద్రపోయింది. ఊరు వచ్చినా లేపబుద్ధి కాలేదు. మా ఆయన ఎత్తుకుని దించాడు. మర్నాడు అది ఎనిమిదింటికి లేచింది. లేచేదాకా నేను పక్కనే కూర్చున్నాను. గోళీ ఇక నా చేత్తోనే వేయించాను, మింగాక కాసేపు మాటల్లో పెట్టి మరీ. పుస్తకం ఎంతవరకు అయిందో చూడటం మానేశాను. ఒక పేజీ అయితే ఒక పేజీ, లేకపోతే లేదు. అది తూగితే పుస్తకం మూసి నేనూ పక్కనే చాప మీద వాలేదాన్ని. భిన్నాలు దానికి జూన్ చివర్లో వచ్చాయి. అప్పటికి చేలో మొలకలు లేచాయి. బడి ఆగిపోయింది. మళ్లీ వేసవి వచ్చేసరికి అదే ఏడో తరగతి, అవే పుస్తకాలు, అది లేచేదాకా పక్కనే నేను.

ఓపెన్ టెన్త్ దాని ఈడు పిల్లలకంటే మూడేళ్లు వెనక గట్టెక్కింది, లెక్కలు రెండోసారికి. ఇప్పుడు గద్వాలకు బస్సులో పోయి చదువుకుంటోంది. మందు ఇంకా ఉంది, డోసు తగ్గించారు. నా అలసట మాత్రం తగ్గలేదు. ఎండ ముదిరితే ఐదింటికి మెలకువ వస్తుంది, కానీ ఎవరినీ లేపే పని ఉండదు.

ఏడో తరగతికి పట్టిన ఆ రెండో ఏడాదిని అప్పట్లో నష్టపోయిన కాలమని ఎంత ఏడ్చానో. ఇప్పుడు వెనక్కి తిరిగి చూస్తే, మిగతా ఏళ్లన్నీ ఎలా గడిచాయో జ్ఞాపకం లేదు. నిద్రపోతున్న బిడ్డను ఏ తొందరా లేకుండా చూస్తూ కూర్చున్న ఆ ఏడాది మాత్రం రోజు రోజూ గుర్తుంది.